ఉత్పలమాల నుంచి మెట్రో మ్యాప్ దాకా: డిస్క్రీట్ మ్యాథ్స్‌పై బెంగళూరు పాఠకుల ప్రశ్నలు

కంప్యూటర్ సైన్స్ చదువుకి లెక్కల పునాది అయిన డిస్క్రీట్ మ్యాథ్స్ (విడివిడిగా లెక్కపెట్టగలిగే వాటి గణితం) గురించి ప్రశ్నలు పంపమని అడిగాం. బెంగళూరులో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ల నుంచి ఎక్కువ వచ్చాయి. ఒకే సందేహం పదిమందికి ఉన్నచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న (యలహంక నుంచి, ఇంజినీరింగ్ మూడో సెమిస్టర్ విద్యార్థిని): ఇంటర్ ఎంపీసీ గుంటూరులో చదివాను. ఇంటిగ్రేషన్ అంటే భయం లేదు. కానీ డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఏ ఫార్ములా ఎక్కడ వాడాలో తెలియట్లేదు. 'ప్రూవ్ చెయ్యండి' అంటే మొదటి లైనే రావట్లేదు. కోడింగ్ ఉద్యోగానికి ఇది నిజంగా కావాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీరు అనుకుంటున్నంత కొత్త సబ్జెక్టు కాదిది. ప్రమేయాలు, గణితానుగమనం (ఇండక్షన్) ఇంటర్ 1ఏలో చేశారు. ప్రస్తారాలు, సంయోగాలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత 2ఏలో చేశారు. కొత్తగా వచ్చినవి లాజిక్, సంబంధాలు, గ్రాఫులు (చుక్కలు, వాటిని కలిపే లంకెలు), మాడ్యులర్ అంకగణితం (శేషాల లెక్క). అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. ఇంటిగ్రేషన్‌లో లెక్క మొహం చూడగానే పద్ధతి గుర్తొస్తుంది. ఇక్కడ ముందు వాక్యాన్ని చదవాలి. 'ప్రతి విద్యార్థికీ ఒక గైడ్ ఉన్నారు' అన్నా, 'ఒక గైడ్ ఉన్నారు, ప్రతి విద్యార్థికీ ఆయనే' అన్నా పైకి ఒకేలా వినిపిస్తాయి. మొదటి వాక్యానికి 60 మంది విద్యార్థులకు 60 మంది గైడ్లు ఉండొచ్చు, రెండోదానికి ఒక్కరే. 'ప్రతి', 'ఏదో ఒకటి' అన్న మాటల వరస మారితే అర్థమే మారిపోతుంది. మీ నోట్సులో ఆ మాటలు కనబడినచోటల్లా గీత గీసుకోండి.

రుజువులో మొదటి లైను సాధారణంగా నిర్వచనమే. 'రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్య' అని నిరూపించాలనుకోండి. బేసి అంటే 2కె+1. చాలామంది రెండో సంఖ్యకి కూడా 2కె+1 అనే రాసేస్తారు. అప్పుడు మీరు నిరూపించింది ఒక బేసి సంఖ్యను దానికే కలిపితే సరి వస్తుందని మాత్రమే. 3కి 7 కలిపితే ఏమవుతుందో మీ రుజువు చెప్పదు. రెండోదాన్ని 2ఎమ్+1 అనాలి. మొత్తం 2(కె+ఎమ్+1), అంటే సరి. ఒక్క అక్షరం తేడాకి మార్కులు పోతున్నాయని బాధపడకండి, ఆ అక్షరంలోనే విషయమంతా ఉంది.

వరస కావాలంటే ఇలా వెళ్లండి: ముందు లాజిక్, రుజువు పద్ధతులు, తర్వాత సమితులు, సంబంధాలు, ప్రమేయాలు, ఆపైన లెక్కింపు, గణితానుగమనం, రికరెన్సులు (ముందు విలువల నుంచి తర్వాతది లెక్కగట్టే సూత్రాలు), చివర్లో గ్రాఫులు, మాడ్యులర్ అంకగణితం. కాలేజీ సిలబస్ వరస వేరుగా ఉన్నా లాజిక్‌ని మాత్రం వెనక్కి నెట్టొద్దు.

ఇక ఉద్యోగం సంగతి. ఒక ఫారం పేజీ కట్టడానికి ఇది అక్కర్లేదు. డేటా పెరిగినప్పుడు కావాలి. లక్ష ఫోన్ నంబర్లలో రెండుసార్లు వచ్చినవి పట్టుకోవాలి. ప్రతిదాన్నీ మిగతా వాటన్నిటితో పోల్చితే జతలు ఎన్ని? ఎన్ నంబర్లకి ఎన్(ఎన్−1)/2, అంటే ఇక్కడ 499 కోట్ల 99 లక్షల 50 వేలు. సెకనుకు 10 కోట్ల పోలికలు చేసే మిషన్ మీద 50 సెకన్లు. ముందు సార్ట్ చేసి పక్కపక్కవాటిని మాత్రమే పోల్చితే పని సుమారు 17 లక్షల (లక్ష × 17) మెట్లకు దిగుతుంది, ఎందుకంటే లక్షను సగాలు చేసుకుంటూ పోతే 17 సార్లలో ఒకటికి వస్తాం. మొదటి ప్రోగ్రాం పది నంబర్లతో టెస్ట్ చేసినప్పుడు బాగానే పనిచేస్తుంది, అందుకే తప్పు ఆఫీసులో ఎవరికీ కనబడదు. పేపరు మీద లెక్కేస్తేనే కనబడుతుంది.

ప్రశ్న (బీటీఎం లేఅవుట్ నుంచి): 'పి అయితే క్యూ' అన్నదానికి సత్యపట్టికలో, పి తప్పయితే మొత్తం వాక్యం ఒప్పు అని రాయిస్తున్నారు. ఇది మనసుకి ఎక్కట్లేదు.

జవాబు: దాన్ని ఒక హామీగా చూడండి. బీఎంటీసీ బస్సులో 'పాస్ ఉంటే డబ్బు తీసుకోరు' అన్నది హామీ. ఈ మాట ఎప్పుడు తప్పినట్టు? పాస్ చూపించినా కండక్టర్ డబ్బు తీసుకుంటే, అప్పుడొక్కటే. పాస్ లేనివాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా మాట తప్పలేదు. తప్పని మాటని ఒప్పు కిందే లెక్క వేస్తాం. సత్యపట్టికలో ఉన్న నాలుగు వరసలూ ఇవే.

ఇప్పుడు తిరగేయండి. 'డబ్బు ఇవ్వలేదంటే పాస్ ఉన్నట్టే' అనొచ్చా? కూడదు. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటక మహిళలు పాస్ లేకుండానే ఉచితంగా వెళ్తున్నారు. ఇది విపర్యయం, దీనికి గ్యారంటీ లేదు. 'డబ్బు తీసుకున్నారంటే పాస్ లేదన్నట్టే' అన్నది మాత్రం అసలు వాక్యంతో సమానం. పరీక్షల్లోనూ కోడ్ రివ్యూల్లోనూ ఈ రెంటినీ కలిపేసే తప్పే ఎక్కువ.

దీనికి ప్రోగ్రామింగ్‌లో ఒక తోబుట్టువు ఉంది. పైథాన్‌లో ఖాళీ లిస్టుకి 'ఆల్' ఫంక్షన్ ('అన్నీ ఒప్పేనా' అని అడిగేది) పెడితే ట్రూ వస్తుంది, మాట తప్పించే వస్తువు ఒక్కటీ లేదు కాబట్టి; 'ఎనీ' ('ఒక్కటైనా ఒప్పేనా') పెడితే ఫాల్స్ వస్తుంది. 'కార్ట్‌లోని వస్తువులన్నీ స్టాకులో ఉంటే ఆర్డర్ తీసుకో' అని రాస్తే ఖాళీ కార్ట్‌కి కూడా ఆర్డర్ పడిపోతుంది. 'కార్ట్ ఖాళీ కాదు' అన్న షరతు విడిగా పెట్టాలి.

ప్రశ్న (కేఆర్ పురం నుంచి): ఆరుగురు మగవాళ్లు, ఐదుగురు ఆడవాళ్లలోంచి కనీసం ఒక మహిళ ఉండేలా నలుగురి కమిటీ వెయ్యాలి. ముందు ఒక మహిళను 5 విధాలుగా ఎంచుకుని, మిగిలిన పదిమందిలో ముగ్గుర్ని 120 విధాలుగా తీసుకున్నాను. 600 వచ్చింది. జవాబు 315 అని ఉంది. తర్కం ఎక్కడ తప్పింది?

జవాబు: 'ముందు' అన్న మాట దగ్గర. కమిటీలో ఇద్దరు మహిళలు ఉంటే, మొదటామెను 'ముందు' ఎంచుకుని రెండో ఆమెను తర్వాత ముగ్గురిలో చేర్చినా, తారుమారు చేసినా కమిటీ అదే. మీ లెక్కలో అది రెండుసార్లు పడింది. ముగ్గురు మహిళలున్నది మూడుసార్లు, నలుగురూ మహిళలే అయితే నాలుగుసార్లు. సరిచూసుకోండి: ఒక మహిళ ఉన్న కమిటీలు 100, ఇద్దరున్నవి 150, ముగ్గురున్నవి 60, నలుగురున్నవి 5. కలిపితే 315. మీ పద్ధతిలో 100 + 300 + 180 + 20 అయ్యి 600 వచ్చింది. 'కనీసం ఒకటి' అని కనబడితే మొత్తంలోంచి 'ఒక్కటీ లేనివి' తీసెయ్యడం తేలిక: 330 − 15 = 315. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరి కమిటీ అని చిన్నది చేసుకుని వేళ్ల మీద లెక్కపెట్టండి. మీ పద్ధతి 6 అంటుంది, చేత్తో రాస్తే 5 ఉంటాయి. తప్పు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నుంచి, రిటైరైన తెలుగు ఉపాధ్యాయులు): మనవడి పుస్తకంలో పర్మ్యుటేషన్లను తెలుగులో 'ప్రస్తారాలు' అంటారని చెప్పాను. మా ఛందస్సులో ప్రస్తారం వేరే ఉంది కదా తాతయ్యా అన్నాడు. మాట కలవడం కాకతాళీయమా, లోపల ఏమైనా ఉందా?

జవాబు: లోపల చాలా ఉంది మాస్టారూ. మీ మనవడికి మీరే మంచి గురువు కాగలరు. మనవడి పుస్తకంలో ప్రస్తారమంటే వస్తువుల్ని వరసలు మార్చి పేర్చడం. ఛందస్సులో ప్రస్తారమంటే గురులఘువుల అమరికలన్నీ ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా పేర్చడం. వదలకుండా, తిరిగి రాకుండా పేర్చాలన్న పట్టుదల రెంటికీ ఒకటే. ఛందస్సులోది ఇంకో అడుగు ముందుకు వేసి నేరుగా కంప్యూటర్ వాడే బైనరీలోకే (0, 1 మాత్రమే ఉండే లెక్కలోకే) వెళ్తుంది.

మూడక్షరాల గణాలు ఎనిమిది, ఎందుకంటే ప్రతి స్థానంలో గురువో లఘువో, 2×2×2. ప్రస్తారంలో వాటి వరస మ, య, ర, స, త, జ, భ, న. గురువుకి 0, లఘువుకి 1 పెట్టి, ఎడమవైపు అక్షరానికి విలువ 1, తర్వాతదానికి 2, ఆ తర్వాతదానికి 4 ఇవ్వండి. మగణం (గగగ) 0, యగణం (లగగ) 1, రగణం (గలగ) 2, సగణం (లలగ) 3, అలా నగణం (లలల) 7. కంప్యూటర్‌లో 0 నుంచి 7 వరకు లెక్క ఇదే, ఇక్కడ చిన్న విలువ ఎడమవైపు, అక్కడ కుడివైపు ఉండడమొక్కటే తేడా.

ఇక నష్టం, ఉద్దిష్టం. ఆరో గణం ఏది? ఇది నష్టం. 6 సరి సంఖ్య: సగం చేసి లఘువు రాయాలి, 3 మిగిలింది. 3 బేసి: ఒకటి కలిపి సగం చేసి గురువు రాయాలి, 2 మిగిలింది. 2 సరి: లఘువు. వచ్చింది లగల, జగణం. వరసలో ఆరోది అదే. మనవడు కాలేజీలో పది అంకెల పద్ధతిలోని సంఖ్యను బైనరీకి మార్చే ప్రోగ్రాం రాస్తే లూప్‌లో జరిగేది ఈ పనే. వాళ్లు సున్నా నుంచి లెక్కపెడతారు, ప్రాచీన ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి ప్రస్తారం ఒకటి నుంచి లెక్కపెడుతుంది. బేసికి ఒకటి కలపడం అందుకే.

ఉద్దిష్టం దీనికి ఎదురు: అమరిక ఇస్తే వరసలో ఎన్నోదో చెప్పడం. ఉత్పలమాల తీసుకోండి: భ, ర, న, భ, భ, ర, వ (లగ), ఇరవై అక్షరాలు. అక్షరాల మీద వరసగా 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ పోయి, లఘువుల మీద పడ్డవి మాత్రం కూడండి: 2 + 4 + 16 + 64 + 128 + 256 + 1024 + 2048 + 8192 + 16384 + 65536 + 262144 = 3,55,798. ఒకటి కలిపితే 3,55,799. లక్షణ గ్రంథాల్లో ఉత్పలమాల వృత్తసంఖ్య ఇదే. ఇరవై అక్షరాలకి మొత్తం వృత్తాలు 2 పవర్ 20, అంటే 10,48,576. వాటిలో ఈమె స్థానం ఇది. చంపకమాలకి మనవడి చేత వేయించండి.

మాత్రల లెక్కలో ఇంకో పాఠం ఉంది. గురువు రెండు మాత్రలు, లఘువు ఒకటి. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా వస్తాయి? లలలల, లలగ, లగల, గలల, గగ, అయిదు. చివర లఘువుంటే ముందు మూడు మాత్రల అమరిక, గురువుంటే ముందు రెండు మాత్రల అమరిక. అంటే ప్రతి సంఖ్యా దానికి ముందు రెండింటి మొత్తం: 1, 2, 3, 5, 8, 13. జైన పండితుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలో ఈ సంఖ్యల్ని చెప్పాడు. ఈ సంఖ్యలకి ఇప్పుడు ఎవరి పేరుందో ఆ ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి పుస్తకం 1202 నాటిది. కుర్రాళ్లు దీన్ని రికర్షన్‌తో ఉన్నదున్నట్టు రాస్తే 40 మాత్రలకి ఫంక్షన్ 20 కోట్లకు పైగా సార్లు తనని తాను పిలుచుకుంటుంది, ఒకే చిన్న లెక్కను మళ్లీ మళ్లీ చేస్తూ. వచ్చిన జవాబుల్ని 40 గళ్ల పట్టికలో రాసుకుంటే ఒక్కోదాన్నీ ఒక్కసారే చేస్తే చాలు. డైనమిక్ ప్రోగ్రామింగ్ అని పెద్ద పేరున్నది ఈ పట్టికకే.

అన్నిటికన్నా అందమైనది మీకు నోటికొచ్చినదే: యమాతారాజభానసలగం. ఎక్కడ మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తుంది. యమాతా, మాతారా, తారాజ... అలా ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. పదక్షరాల్లో ఇది ఎలా సాధ్యమైంది? నాలుగు చుక్కలు పెట్టి గగ, గల, లగ, లల అని పేర్లు పెట్టండి. ప్రతి గణాన్నీ ఒక బాణం చెయ్యండి: మొదటి రెండక్షరాల చుక్క నుంచి చివరి రెండక్షరాల చుక్కకి. యగణం (లగగ) లగ నుంచి గగకి వెళ్తుంది. ఎనిమిది బాణాలు. ప్రతి చుక్కలోకీ రెండు వస్తాయి, రెండు బయటికి పోతాయి. ఒక చుక్క నుంచి ఇంకోదానికి దారి ఉండి, వచ్చేవీ పోయేవీ సమానమైతే ప్రతి బాణాన్నీ సరిగ్గా ఒక్కసారి దాటి బయలుదేరిన చోటికే రావచ్చు. దీన్ని ఆయిలర్ సర్క్యూట్ అంటారు. 1736లో గణితవేత్త ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనల ప్రశ్నకి (ప్రతి వంతెననీ ఒక్కసారే దాటి రాగలమా?) జవాబిస్తూ వేసిన దారి. మన సూత్రం లగతో మొదలై (యమా) లగతోనే (లగం) ముగుస్తుంది, చూడండి. ఇలాంటి వరసల్ని ఇప్పుడు డి బ్రూయిన్ సీక్వెన్సులు అంటున్నారు. జన్యుక్రమం ముక్కల్ని అతికించే సాఫ్ట్‌వేర్‌లో వాడే గ్రాఫులు ఈ కుటుంబంలోవే.

ప్రశ్న (హెబ్బాళ నుంచి): గణితానుగమనంలో నిరూపించాల్సినదాన్నే 'కె దగ్గర ఒప్పు అనుకుందాం' అంటాం కదా. ఇది మోసం కాదా?

జవాబు: అక్కడ మనం నిరూపించేది 'కె దగ్గర నిజమైతే కె+1 దగ్గరా నిజం' అన్న లంకెను మాత్రమే. మొదటి మెట్టు విడిగా చూపించకపోతే ఆ లంకె గాలిలో వేలాడుతుంది. ఎక్కువమంది జారేది మొదటి మెట్లు ఎన్ని కావాలో చూసుకోకపోవడం వల్ల. 4 రూపాయల, 5 రూపాయల స్టాంపులతో 12 నుంచి ఏ మొత్తమైనా వెయ్యొచ్చని నిరూపించాలి. 'ఎన్−4కి కుదిరితే ఇంకో 4 రూపాయల స్టాంపు అంటించు' అన్నది లంకె. మొదటి మెట్టుగా 12 (4+4+4) ఒక్కటే చూపిస్తే 13కి ఏం చేస్తారు? 9కి వెళ్లాలి, అది మన పరిధిలోనే లేదు. నాలుగు మెట్లు దూకే లంకెకి నాలుగు మొదటి మెట్లు కావాలి: 12; 13 = 4+4+5; 14 = 4+5+5; 15 = 5+5+5. ఆ తర్వాత 16 నుంచి అన్నీ వచ్చేస్తాయి. 11 మాత్రం ఏం చేసినా రాదు, అందుకే 12 దగ్గర మొదలు.

రికర్షన్ ఫంక్షన్‌లో ఆగే షరతులు ఇవే మెట్లు. 12 దగ్గర మాత్రమే ఆగమని రాస్తే 13 ఇచ్చినప్పుడు అది 9, 5, 1, −3 అని కిందికి పోతూనే ఉంటుంది; పైథాన్ అయితే సుమారు వెయ్యి పిలుపుల దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

ప్రశ్న (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి): ట్రీ, గ్రాఫ్ వేర్వేరు పాఠాలుగా చెప్పారు. ఇంటర్వ్యూలో 'ట్రీ కూడా గ్రాఫే కదా, మరి తేడా ఏంటి' అన్నారు.

జవాబు: చుట్టు లేకుండా అంతా ఒకదానితో ఒకటి కలిసి ఉన్న గ్రాఫే ట్రీ. మీరు రోజూ ఎక్కే మెట్రోనే చూడండి. పర్పుల్, గ్రీన్, యెల్లో లైన్లు మూడింటినే తీసుకుంటే, పర్పుల్-గ్రీన్ మెజెస్టిక్‌లో కలుస్తాయి, గ్రీన్-యెల్లో ఆర్‌వీ రోడ్‌లో కలుస్తాయి. ఇంకెక్కడా కలవవు. చుట్టు లేదు కాబట్టి ఇది ట్రీ: స్టేషన్లు ఎన్నున్నాయో వాటి మధ్య లంకెలు అంతకు ఒకటి తక్కువ. వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి మెట్రోలో ఒకటే దారి, ఏ ఆల్గారిథం అక్కర్లేదు. ఒక్క లంకె ఆగితే ఊరు రెండు ముక్కలు. పింక్ లైన్‌కి ఎంజీ రోడ్‌లో పర్పుల్‌తో, జయదేవలో యెల్లోతో మార్పిడి పెట్టారు. దాన్నీ కలిపి గీస్తే ఎంజీ రోడ్, మెజెస్టిక్, ఆర్‌వీ రోడ్, జయదేవ ఒక చుట్టు అవుతుంది. ట్రీ కాస్తా చుట్టున్న గ్రాఫ్ అయింది. చూసిన స్టేషన్‌కి గుర్తు పెట్టకుండా రాసిన ప్రోగ్రాం ఇప్పుడు ఆ చుట్టులోనే తిరుగుతూ ఉంటుంది.

స్టేషన్లు తక్కువ ఉన్న దారి కావాలంటే బీఎఫ్ఎస్ (దగ్గరి స్టేషన్లన్నీ చూశాకే దూరంవాటికి వెళ్లే వెతుకులాట) చాలు. సమయం తక్కువ కావాలంటే డైక్‌స్ట్రా ఆల్గారిథం, ఇది ప్రతి లంకెకీ ఒక బరువు (ఇక్కడ నిమిషాలు) ఇచ్చి తక్కువ మొత్తం ఉన్న దారిని వెతుకుతుంది. ఇక్కడొక కిటుకు: మెజెస్టిక్‌ని ఒకే చుక్కగా పెడితే లైన్ మారడానికి పట్టే నడక లెక్కలోకి రాదు. 'మెజెస్టిక్ పర్పుల్', 'మెజెస్టిక్ గ్రీన్' అని రెండు చుక్కలు చేసి మధ్యలో నడక నిమిషాల లంకె వెయ్యాలి. లంకెల బరువు రుణాత్మకమైతే మాత్రం డైక్‌స్ట్రాను నమ్మొద్దు, ఒకసారి ఖాయం చేసిన దూరాన్ని అది మళ్లీ తిరిగి చూడదు.

ప్రశ్న (మారతహళ్లి నుంచి): గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ (సీఎస్) పేపర్‌లో దీనికి మార్కులెన్ని?

జవాబు: 100లో ఇంజినీరింగ్ మ్యాథ్స్‌కి 13. డిస్క్రీట్ మ్యాథ్స్ అందులోదే. లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్, ప్రాబబిలిటీ కూడా అందులోనే పంచుకుంటాయి. అయితే ఆల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యూటేషన్, డేటాబేస్, డిజిటల్ లాజిక్ ప్రశ్నల్లో సగం దూరం తీసుకెళ్లేది ఇదే. మార్కులు చూసి వదిలెయ్యొద్దు.

ప్రశ్న (హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి, రెండేళ్లుగా ఉద్యోగం): డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో 'నాట్ ఇన్' ('ఈ లిస్టులో లేనివి') పెట్టిన క్వెరీ ఒక్క రో కూడా ఇవ్వట్లేదు, డేటా మాత్రం ఉంది. ఇంకోటి, జావాలో హ్యాష్ విలువని (డేటా నుంచి లెక్కగట్టిన సంఖ్యని) మాడ్యులో చేసి, అంటే భాగించి శేషం తీసుకుని, బకెట్ నంబర్ (డేటా పెట్టే గడి నంబర్) తీస్తే ఎప్పుడో ఒకసారి ఎర్రే ఎర్రర్ వస్తోంది. ఈ రెంటికీ లెక్కలతో సంబంధం ఉందా?

జవాబు: రెండూ లెక్కలే. మొదటిది: మీ లిస్టులో ఎక్కడో నల్ (విలువ తెలియని ఖాళీ) ఉంది. ఎస్‌క్యూఎల్‌లో లాజిక్‌కి ఒప్పు, తప్పు, తెలియదు అని మూడు విలువలు. '30 అన్నది 10 కాదు, 20 కాదు, నల్ కాదు' అంటే ఒప్పు, ఒప్పు, తెలియదు. మూడూ 'అండ్' అయితే తెలియదు. ఒప్పు వచ్చిన రోలనే ఇస్తుంది కాబట్టి ఏదీ రాదు. సబ్‌క్వెరీలో నల్‌లు తీసెయ్యండి, లేదా 'నాట్ ఎగ్జిస్ట్స్'తో రాయండి.

రెండోది: గణితంలో −7ని 3తో భాగిస్తే శేషం 2. పైథాన్ కూడా 2 ఇస్తుంది. జావా, సీ మాత్రం −1 ఇస్తాయి. హ్యాష్ విలువ రుణాత్మకమైన రోజు మీ బకెట్ నంబర్ కూడా రుణాత్మకమవుతుంది. దానికి 'ఆబ్స్' (రుణ గుర్తు తీసేసే ఫంక్షన్) తగిలించి సరిపెట్టుకోవద్దు: −2147483648కి జావాలో ఆబ్స్ తీసినా అదే రుణ సంఖ్య వస్తుంది, ఎందుకంటే 32 బిట్లలో ధన సంఖ్యలు 2147483647తోనే ఆగిపోతాయి. గణితంలోలాగే శేషం ఇచ్చే 'ఫ్లోర్‌మాడ్' వాడండి. టెస్టుల్లో −1, 0, −2147483648 మూడూ ఇచ్చి చూడండి.